నీలం డబ్బా షేర్లు

అత్తగారు టీవీ కట్టెయ్యలేదు. కూతురు అడిగినదానికి ఆవిడ జవాబు అదే.

టీవీలో టై కట్టుకున్న కుర్రాడొకడు ఎర్రగీత మీద వేలు పెట్టి, చిప్పుల కంపెనీల షేర్లన్నీ ఈ వారం ఎలా జారాయో తెగ సంబరంగా చెబుతున్నాడు. అన్నిట్లోకీ ఎక్కువ జారింది నీలం డబ్బా వాళ్ళది. ఆ కంపెనీకి అసలు పేరొకటి ఉంది గానీ ఈ ఇంట్లో ఎవరూ దాన్ని పలకరు. కంప్యూటర్లో బొమ్మల పని చూసే వాళ్ళ గ్రాఫిక్స్ కార్డు నీలం అట్టడబ్బాలో వస్తుంది కాబట్టి వాళ్ళు నీలం డబ్బా వాళ్ళు. మెమరీ చిప్పులు చేసేవాళ్ళు తెల్ల డబ్బా వాళ్ళు. కింద రిపేరు షాపులో పుట్టిన ఆ పేర్లు మెట్లెక్కి వచ్చి ఇంట్లో స్థిరపడిపోయాయి.

"అమ్మా, నీతోనే మాట్లాడుతున్నా," అంది పాపాయి.

పాపాయి అంటే చంటిపిల్ల అనుకునేరు. నలభైకి దగ్గర పడ్డ మనిషి. తెల్లారకముందే లేచి బేకరీలో పొయ్యి ముందు నిలబడే మనిషి. మోచేతుల దాకా కాలిన మచ్చలే. ఇంట్లో ఆఖరి పిల్ల కాబట్టి పాపాయి అన్నారు, ఆ పేరు ఇక ఊడిరాలేదు. నిన్న సాయంత్రం సంచీ చేత్తో పట్టుకుని దిగింది. రాగానే ఒక మాట అడిగింది. ఆ మాట మీద రాత్రి ఎవరూ సరిగ్గా భోంచెయ్యలేదు. శనివారం మధ్యాహ్నమైనా ఆ మాట అక్కడే ఉంది.

"వినపడిందమ్మా," అన్నారు అత్తగారు.

"వినపడితే?"

"అమ్మేది లేదు."

"అది నా డబ్బు."

"నీదే. కాదన్నానా? నా దగ్గరుంచమన్నది నువ్వే. 'నాకు ఆ గీతలూ గోలా అర్థం కావు, నువ్వే చూసుకో అమ్మా' అన్నది నువ్వే. చూసుకుంటున్నా."

"చూసుకుంటే సగానికొచ్చింది!"

"షేరు సగానికొచ్చింది. కంపెనీ ఎక్కడున్నది అక్కడే ఉంది."

పాపాయి తల పట్టుకుంది. "అన్నయ్యా, నువ్వయినా చెప్పు."

అన్నయ్య కిటికీ దగ్గర కూర్చుని ఎవరివో కళ్ళద్దాలు గుడ్డతో తుడుస్తున్నాడు. ఆయనది కళ్ళద్దాల షాపు. పొద్దస్తమానం జనం కళ్ళముందు అద్దాలు మార్చిమార్చి 'ఇలా బాగుందా, అలా బాగుందా' అని అడగడం ఆయన వృత్తి. ఇంట్లోనూ అంతే. తాడో పేడో తేల్చమంటే మాత్రం నీళ్ళు నములుతాడు.

"ఉంచినా ఒక రకంగా మంచిదే," అన్నాడు. "అమ్మినా ఒక రకంగా మంచిదే."

"ఆహా, మహా చెప్పావులే," అంది పాపాయి.

సంగతేమిటంటే, ఆమె పనిచేసే బేకరీ ముసలాయన విశ్రాంతి తీసుకుంటానంటున్నాడు. కొట్టు, పొయ్యి, పిండి కలిపే మిషను అన్నీ కలిపి ముందు నీకే ఇస్తాను, నువ్వు కాదంటేనే బయటివాళ్ళకి అన్నాడు. సోమవారం లోపల ఏదో ఒక మాట చెప్పమన్నాడు. పాపాయి దాచుకున్నదంతా నీలం డబ్బాలో ఉంది. ఇప్పటి ధరకి అమ్మితే ముసలాయన అడిగినదానికి ఎలాగోలా సరిపోతుంది. ఇంకొక్క మెట్టు దిగిందా, బేకరీ మాట మరిచిపోవాల్సిందే. పదిహేనేళ్ళుగా ఇంకొకరి పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికి అది చిన్న విషయం కాదు.

"నీకు భయమేస్తోంది, అది సహజమే," అన్నారు అత్తగారు, ఈసారి కాస్త మెత్తగా. "చిప్పుల వ్యాపారం తీరే అంత తల్లీ. అందరూ ఒక్కసారి ఎగబడి కావాలంటారు. కంపెనీలు పొలోమని ఫ్యాక్టరీలు మొదలెడతాయి. అవి పూర్తయ్యేసరికి కొనేవాడుండడు. ధర పడిపోతుంది. ఏడాదో రెండేళ్ళో ఏడుస్తారు. మళ్ళీ సరుక్కి కరువొస్తుంది, మళ్ళీ లేస్తుంది. నేను మూడుసార్లు చూశాను. భయపడి అమ్మినవాళ్ళందరూ తర్వాత నాలిక్కరుచుకున్నారు."

"టీవీలోనే చెప్పారు కదమ్మా, పెద్ద పెద్ద కంపెనీలు ఆర్డర్లు ఆపేశాయని. పాడైన కార్డులకి బదులు కొత్తవి ఇవ్వడానికే బోలెడు ఖర్చవుతోందట."

"ఏదో ఒక బ్యాచి పాడై ఉంటుంది. టీవీవాడికి అదే పండగ."

"నీకెలా తెలుసు?"

అత్తగారు అప్పుడు టీవీ కట్టేశారు.

ఆవిడ టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. చేరిన కొత్తలో గదినిండా ఫోన్లు కలిపే రిలే స్విచ్చులు టకటకలాడేవి. దిగిపోయేనాటికి ఆ గదంతా అరచేతిలో పట్టే బోర్డుల్లోకి వచ్చేసింది. ఎవరి బోర్డులు మాటిమాటికీ మాడిపోతున్నాయో, ఎవరివి ఏళ్ళతరబడి కిక్కురుమనకుండా పనిచేస్తున్నాయో ఆవిడ రోజూ కళ్ళారా చూసేవారు. మాడని వాళ్ళ షేర్లు జీతంలో మిగిలిన దాంతో కొనేవారు. ఈ మేడ అలా లేచిందే. పేపర్లో లెక్కలు చదివి కొన్న పక్కింటివాళ్ళు మునిగారు, ఈవిడ తేలారు. అప్పట్నుంచీ ఆవిడ మాటకి ఇంట్లో తిరుగులేదు. వీధిలో కూడా పెద్దగా లేదు.

"రా, చూపిస్తా," అన్నారు లేస్తూ.

సరిగ్గా అప్పుడే కోడలు టీ గ్లాసుల పళ్ళెంతో వంటింట్లోంచి వచ్చింది. కింద రిపేరు షాపు ఈమెదే. మధ్యాహ్నం ఒక గంట మూసి పైకొచ్చి, ఈ గొడవలో దూరడం ఇష్టంలేక వంటింట్లోనే తచ్చాడుతోంది. తల్లీకూతుళ్ళ మధ్య వేలు పెడితే ఏమవుతుందో ఆమెకి బాగానే తెలుసు.

హాలు చివర గోడకి చెక్క అరలున్నాయి. రోజూ షాపు మూశాక, పనికిరాకుండా పోయిన కార్డులూ చిప్పులూ కోడలు ఒక ప్లాస్టిక్ బుట్టలో పైకి తెస్తుంది. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని, వాటిని ఒక్కొక్కటే తిరగేసి చూసి, కంపెనీ ప్రకారం అరల్లో సర్దుతారు. బుట్ట చూసేదాకా అన్నం ముట్టరు. అరకొక రంగు కాగితం అంటించి ఉంటుంది. నెలాఖరుకి పాత సామాన్లవాడొచ్చి ఊడ్చుకుపోతాడు. కాలక్షేపానికి సర్దుతున్నారనీ, వేరుచేసి ఉంచితే వాడు నాలుగు రూపాయలు ఎక్కువిస్తాడనీ కోడలు అనుకునేది.

"ఇది ఎర్ర డబ్బా వాళ్ళది. నిండిపోయింది. వాళ్ళ షేరు ఒక్కటి కూడా నా దగ్గర లేదు," అన్నారు అత్తగారు. "ఇది తెలుపు. అప్పుడొకటీ అప్పుడొకటీ వస్తుంది. కొంచెం ఉంచాను. ఇదిగో, నీలం. చూడు."

నీలం కాగితం అంటించిన అర శుభ్రంగా ఖాళీగా ఉంది. దుమ్ము కూడా లేదు.

"రెండేళ్ళ పైనుంచీ ఒక్క ముక్క రాలేదు. జనం కొనడంలేదా అంటే, ఎవరింట్లో చూసినా అదే డబ్బా. కొంటున్నారు, పాడవడంలేదు. టీవీవాడు ఏమైనా కుయ్యనీ. మన షాపు బల్ల అబద్ధం చెప్పదు పాపాయీ. ఈ అర ఖాళీగా ఉందనే నీ డబ్బంతా అందులో పెట్టాను."

కోడలి చేతిలో గ్లాసులు గలగలమన్నాయి.

"ఏమిటమ్మాయ్?" అన్నారు అత్తగారు.

"ఏం లేదత్తయ్యా. వేడిగా ఉంది," అని పళ్ళెం బల్ల మీద పెట్టేసి, "షాపు తియ్యాలి," అంటూ గబగబా మెట్లు దిగింది.

షాపు షట్టరు సగం ఎత్తి, లోపలికి దూరి, బల్ల ముందు స్టూలు మీద కూలబడింది.

నీలం డబ్బా కార్డులు రాకపోవడం ఏమిటి! మొదట్లో వచ్చాయి. ఆ కంపెనీవాళ్ళు చిప్పు కింద ఏదో జిగురు పోస్తారు. వేడిగాలి పెట్టి లేపబోతే పక్కనున్న చిన్నచిన్న భాగాలు కూడా పెచ్చుల్లా లేచొస్తాయి. మార్చడానికి కొత్త చిప్పు బయట షాపులకి అమ్మరు. ఒకసారి ఒకాయన కార్డు ఈమె చేతిలోనే పూర్తిగా చచ్చింది. నష్టం తనే కట్టుకుంది. ఆ రోజునుంచీ ఎవరు నీలం డబ్బా పట్టుకొచ్చినా గుమ్మంలోనే, "ఇవి నేను ముట్టుకోనండీ, కంపెనీ సర్వీసు సెంటరుకి పట్టుకెళ్ళండి," అని పంపేస్తోంది. వారానికి ఎంతమందిని పంపిందో ఆమెకే గుర్తులేదు.

అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, కిందకి దిగరు. గుమ్మం దగ్గర ఏం జరుగుతుందో ఆవిడకెలా తెలుస్తుంది? బుట్టలోకి వచ్చినవే ఆవిడకి తెలుసు. గుమ్మంలోంచే వెనక్కెళ్ళినవి తెలియవు.

"అయ్యో, అయ్యో," అంది కోడలు ఖాళీ షాపుతో.

షట్టరు కింద నుంచి రెండు బూట్లు కనపడ్డాయి. "మేడమ్, తెరిచారా?"

పెళ్ళిళ్ళకి ఫొటోలు తీసే ఫొటోగ్రాఫరు. చంకలో నీలం అట్టడబ్బా.

"మీరు తీసుకోరని తెలుసు. అయినా అడుగుదామని వచ్చా," అన్నాడు లోపలికి వంగి వస్తూనే. "సర్వీసు సెంటరుకి వెళ్తే జాతరలా ఉంది. కుర్చీలు చాలక జనం మెట్లమీద కూర్చున్నారు. అందరి చేతుల్లోనూ ఇదే డబ్బా. టోకెనిచ్చి వచ్చే నెల రమ్మన్నాడు. మూడు పెళ్ళిళ్ళ ఫొటోలు నా కంప్యూటర్లో ఇరుక్కుపోయాయి, పెళ్ళివాళ్ళు నన్ను చంపేట్టున్నారు."

"ఇది కొని ఎన్నాళ్ళయింది?"

"ఏడాది దాటింది. గ్యారంటీ మొన్ననే అయిపోయింది."

"పాడవడం మొదటిసారా?"

"రెండోసారి. మొదటిసారీ మీ దగ్గరికే తెచ్చాను కదా. వెళ్ళిపొమ్మన్నారు."

ఆమె కార్డు అందుకుంది. భూతద్దం దీపం కింద పెట్టి చూసింది. చిప్పు ఒక మూల గోధుమరంగుకి తిరిగి కాలిపోయింది. ఇది బతకదు. "కార్డు ఇక లేవదండీ. మీ ఫొటోలకేం ఢోకా లేదు, అవి వేరే డిస్కులో ఉంటాయి. పాత కార్డొకటి ఇస్తా, పెట్టుకుని పని కానిచ్చుకోండి. ఇది మాత్రం నాకు వదిలేస్తారా?"

"చచ్చినదాంతో నేనేం చేసుకుంటాను, ఉంచుకోండి!" అని ఫొటోగ్రాఫరు నూరేళ్ళాయుష్షు దొరికినట్టు పాత కార్డు పట్టుకుని పరిగెత్తాడు.

భర్త మెట్లు దిగి వచ్చేసరికి ఆమె ఆ కార్డు ఎదురుగా పెట్టుకుని కూర్చుని ఉంది.

"పైనేమో మాటల్లేవు. ఇక్కడేమో నువ్విలా," అన్నాడు. "ఏమైందసలు?"

చెప్పింది. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చేతిలో కళ్ళజోడు గుడ్డ అలాగే ఉంది.

"ఇప్పుడు చెబితే ఎవరికి లాభం?" అన్నాడు. "పాపాయి నిన్నంటుంది. అమ్మ కుంగిపోతుంది. అమ్మకి ఉన్నదల్లా ఆ నమ్మకమొక్కటే కదా."

"చెప్పకపోతే సోమవారం కూడా అమ్మరు. ఇంకా పడితే?"

"లేస్తే?"

"లేవచ్చు. నేనేమైనా జోస్యం చెప్పేదాన్నా? మన ఒక్క షాపు చూసి అంత పెద్ద కంపెనీ సంగతి తేల్చెయ్యలేం, నాకూ తెలుసు. కానీ అత్తయ్య తేల్చింది దీన్ని చూసే కదండీ. ఆ చూసిందే తప్పు. పాపాయి బతుకంతా ఆ తప్పు మీద పెట్టి మనం నోరు మూసుకుని కూర్చుందామా?"

"అలా అని కాదు..."

"మీరు ఎలా అని అన్నారో చెప్పండి మరి. ఇలా బాగుందా, అలా బాగుందా?"

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. భార్య కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. "నాకు భయంగా ఉందండీ," అంది. "ఈ ఇంటికొచ్చినప్పట్నుంచీ అత్తయ్య నన్నొక్క మాట అనలేదు. ఈ షాపు పెట్టిస్తానన్నది ఆవిడ. ఆడపిల్లకి ఈ పనేమిటని చుట్టాలంతా అంటే వాళ్ళ నోరు మూయించింది ఆవిడ. ఇప్పుడెళ్ళి, మీ లెక్క తప్పింది, అదీ నా మూలంగా తప్పింది అని ఏ మొహంతో చెప్పను?"

"నేను చెప్పనా?" అన్నాడు భర్త.

పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన తనంతట తాను ఒక పని నెత్తినేసుకోవడం అదే మొదలు. ఆమెకి ఆ దుఃఖంలోనూ ముద్దొచ్చాడు.

"వద్దు. బుట్ట రోజూ తీసుకెళ్ళేది నేను. నేనే తీసుకెళ్తా."

సాయంత్రం షట్టరు దించి, బుట్ట పట్టుకుని పైకెళ్ళింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పాపాయి తను తెచ్చిన రొట్టె కోస్తోంది. కోసే చెయ్యి మాత్రం కోపంగా కదులుతోంది. అత్తగారు అరల దగ్గర కుర్చీ వేసుకుని కళ్ళజోడుతో సిద్ధంగా ఉన్నారు.

"ఇవాళేం వచ్చాయమ్మాయ్?" రోజూ అడిగే ప్రశ్నే.

"చూడండత్తయ్యా."

ఎర్ర కార్డు ఎరుపులోకి వెళ్ళింది. తెల్లది తెలుపులోకి. తర్వాత ఆవిడ చెయ్యి బుట్టలోనే ఆగింది. నీలం కార్డు బయటికి తీశారు. వెలుతురుకి పెట్టి చూశారు. కాలిన మూల మీద బొటనవేలు రాశారు. వేలు నల్లబడింది.

"ఇదెక్కడిది?"

"రోజూ వస్తాయత్తయ్యా. నేనే తీసుకోను. బాగుచెయ్యడం నా వల్ల కాదు, భాగాలు దొరకవు. గుమ్మంలోనే పంపించేస్తాను. అందుకే మీ బుట్టలోకి రాలేదు. మీరు ఈ అరలు చూసి షేర్లు కొంటున్నారని నాకు తెలియదు. మధ్యాహ్నం మీరు పాపాయికి చెబుతుంటేనే తెలిసింది. తెలిసినప్పట్నుంచీ నా ప్రాణం నా దగ్గర లేదు."

కత్తి పళ్ళెంలో పడిన చప్పుడైంది. పాపాయి లేచి నిలబడింది.

"రోజూ వస్తాయా?"

"ఇంచుమించు."

"రెండేళ్ళుగా?"

కోడలు తలూపింది.

"అయితే నా బేకరీ నీ గుమ్మంలో ఆగిపోయిందన్నమాట," అంది పాపాయి. అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది కోడలికి. "ఒక్కరోజైనా, ఒక్కసారైనా, అన్నం దగ్గర మాటవరసకైనా 'ఈ నీలం కార్డులతో విసిగి చస్తున్నా' అని అని ఉంటే సరిపోయేది కదా వదినా! దిక్కుమాలిన కబుర్లన్నీ చెప్పుకుంటాం, ఈ ఒక్క ముక్కా రాలేదా నీ నోటికి?"

చేతకాని పని గురించి ఎవరు మాత్రం గొప్పగా చెప్పుకుంటారు? చేతకాలేదని సిగ్గేసి, కోడలు ఇంట్లో ఆ ప్రస్తావనే తేలేదు. అదీ అసలు నిజం.

"దాన్ననకు," అన్నారు అత్తగారు.

ఆవిడ గొంతు ఎప్పటిలాగే నిమ్మళంగా ఉంది. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఎక్స్ఛేంజిలో దేన్నీ వెనక్కి పంపడమనేది ఉండేది కాదు పాపాయీ. పాడైన ప్రతి బోర్డూ నా బల్ల మీదకి వచ్చి తీరాల్సిందే. అందుకే అక్కడ నా లెక్క కుదిరింది. షాపు అలా కాదు. షాపు గుమ్మంలో కొందరు లోపలికొస్తారు, కొందరు వెళ్ళిపోతారు. ఇన్నేళ్ళూ ఏం వచ్చాయని అడిగాను గానీ ఏం పంపించావని ఒక్కపూటైనా అడగలేదు. మీ వదిన తప్పేముంది? ఖాళీ అర చూసి మురిసిపోయింది నేను."

కిటికీ దగ్గర కొడుకు తుడవడానికి కళ్ళద్దాలు కూడా లేక ఊరికే గుడ్డ నలుపుతున్నాడు.

అత్తగారు చూస్తుండగానే చిన్నబోయారు. వీధిలో ఎవరైనా షేరు కొనేముందు ఈవిడ దగ్గరికొచ్చి ఒక మాట అడిగి వెళ్తారు. ఆవిడ ఆ కుర్చీలో అంత నిటారుగా కూర్చునేది ఆ గౌరవం వల్లే. ఇప్పుడు వీపు కుర్చీకి ఆనింది.

పాపాయి ఫోను తీసుకుని వెనక వసారాలోకి వెళ్ళింది. తలుపు దగ్గరగా వేసుకుంది.

"సోమవారం మార్కెట్ తెరవగానే అమ్మేస్తాను," అన్నారు అత్తగారు, ఎవరితోనో తెలియకుండా. "దాని డబ్బు దానికిచ్చేస్తాను. వచ్చినంత వస్తుంది."

"మంచి పనమ్మా," అన్నాడు కొడుకు. రెండో రకంగా ఇంకోటి మంచిదని అనకపోవడం విశేషం.

పాపాయి తిరిగొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ మొహం కడుక్కుని వచ్చింది. తల్లి కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది.

"అమ్మొద్దమ్మా."

"ఏమిటి?"

"ఉంచు. చిప్పుల వ్యాపారం తీరే అంతన్నావుగా. పడింది, మళ్ళీ లేస్తుంది. కార్డులు పాడైనంత మాత్రాన కంపెనీ మునిగిపోతుందా? వచ్చే ఏడాది మంచి కార్డు చేస్తారు. నువ్వు మూడుసార్లు చూశావు కదా, నాలుగోసారీ చూద్దాం."

"పొద్దుట్నుంచీ నా ప్రాణం తోడేసి ఇప్పుడు ఉంచమంటావేమే! బేకరీ?"

"వద్దులే. ఇప్పుడే ఆయనకి ఫోను చేసి చెప్పేశాను, నాకు కుదరదండీ, బయటివాళ్ళకి ఇచ్చుకోండీ అని. సరేనన్నాడు. ఇంక తొందరేముంది? ఎవరి దగ్గర పనిచేసినా రొట్టె రొట్టేగా." చీరకొంగుతో తల్లి వేలికంటిన మసి తుడవబోయింది. "అంత పొద్దున్నే లేచి కొట్టు తాళాలు తియ్యడం నా వల్లేమవుతుంది. నువ్వేం బెంగపెట్టుకోకు. నీ లెక్క ఎప్పుడు తప్పింది గనక?"

అత్తగారు కూతురి మొహంలోకి చూస్తూ ఉండిపోయారు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు నిండి, కింద పడకుండా అలాగే నిలిచాయి.

కోడలికి అంతా అర్థమైంది. పొద్దుట్నుంచి అమ్మెయ్యి, అమ్మెయ్యి అని తల్లి వెంటబడిన మనిషి, తల్లి అంత చిన్నబోవడం చూడలేక, చేతికొచ్చిన బేకరీని చేతులారా వదిలేసుకుంది. అమ్మితే తల్లి ఓడిపోయినట్టు. ఉంచితే ఇంకా ఓడనట్టు. అందుకోసం. తను మాత్రం నిజం చెప్పేశానని చేతులు దులుపుకుని ఇక్కడ నిలబడాలా? ఆమెకి దుఃఖమూ కోపమూ కలిసి ఒక్కసారే వచ్చాయి.

"ఆయన నంబరివ్వు పాపాయీ," అంది.

"ఎందుకు వదినా? అయిపోయిందిగా."

"ఇవ్వమంటుంటే."

"ఇప్పుడేం లాభం? మాట ఇచ్చేశాను. ఈపాటికి ఆయన వేరేవాళ్ళతో మాట్లాడేసే ఉంటాడు."

"మాట్లాడితే మాట్లాడనీ. నా వల్ల జరిగిందని చెప్తాను. కాళ్ళావేళ్ళా పడతాను. సోమవారం దాకా ఆగమంటాను. ఆగితే ఆగుతాడు, లేకపోతే లేదు. అడక్కుండా మాత్రం ఊరుకోను."

"వద్దు వదినా! నా మాట విను!" పాపాయి గొంతులో మొదటిసారి కంగారు వినిపించింది.

రొట్టె చుట్టి తెచ్చిన కాగితం సంచీ బల్లమీదే ఉంది. దానిమీద బేకరీ నంబరుంది. కోడలు చూసి నొక్కడం మొదలెట్టింది. ఊళ్ళోవాళ్ళ ఫోన్లన్నీ బాగుచేసే మనిషికి తన ఫోను బాగుచేసుకోవడానికి తీరికేదీ? చెవి దగ్గర పెట్టుకుంటే వినపడదు, స్పీకరు మీదే మాట్లాడాలి. పాపాయి గబుక్కున లేచి ఫోను లాక్కోబోయింది. వాళ్ళన్నయ్య అడ్డంగా నిలబడ్డాడు.

"చెయ్యనీ," అన్నాడు. ఇలా, అలా ఏమీ లేకుండా, ఒక్క మాటే.

అవతల మోగింది. ఎవరో దగ్గి, ఎత్తారు.

"ఎవరూ?" ముసలి గొంతు.

"నమస్కారమండీ. మీ దగ్గర రొట్టెలు కాల్చే అమ్మాయికి నేను వదినని. ఇందాక తను మీతో చెప్పిన సంగతి గురించి..."

"ఏం చెప్పింది?" అన్నాడు ముసలాయన. "నాతో ఏమీ చెప్పలేదే! పొద్దుట్నుంచి దాని ఫోను కోసమే కాచుకు కూర్చున్నాను. ఎవరెవరో వచ్చి అడుగుతున్నారు, మా అమ్మాయి చెప్పేదాకా ఆగండి అంటున్నాను. ఏమంటోందమ్మా మరి? తీసుకుంటుందా, తీసుకోదా?"

పాపాయి రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

అత్తగారు కుర్చీ చేతులమీద ఆనుకుని, నొప్పిమోకాళ్ళతో మెల్లగా లేచి నిలబడ్డారు. కూతురివైపు చూశారు. కోడలివైపు చూసి, ఫోను కోసం చెయ్యి చాపారు.

"అమ్మా," అన్నాడు ఫోన్లో ముసలాయన. "ఉన్నారా?"